ఎవరి చేతి తువ్వాలు

“ఆ తువ్వాలు ఎవరు వేశారు?”

భానుతేజ ఇడ్లీ తుంచాడు గాని నోట్లో పెట్టుకోలేదు.

వంటింటి గడప దగ్గర చట్నీ గిన్నెతో వస్తున్న సీతామహాలక్ష్మి అక్కడే ఆగిపోయింది. గిన్నెలో గరిటె చిన్నగా చప్పుడు చేసింది.

“లేవగానే ఒకసారి అడిగావు కదన్నయ్యా,” అంది లిఖిత, కాలేజీ సంచి భుజానికి తగిలించుకుంటూ. “నాన్న చెప్పారు కూడా.”

“నేను నిన్ను అడగలేదు.”

జోగారావు కంచంలోంచి తల ఎత్తలేదు. “నేనే వేశాను రా,” అన్నాడు.

“మీరా?” భానుతేజ నవ్వాడు. “లిఫ్టులో బటన్ కూడా పక్కవాళ్ళని అడిగి నొక్కుతారు మీరు. అంతమంది అరుస్తుంటే రింగులోకి తువ్వాలు విసిరారా? నేను గెలుస్తుంటే?”

“గెలుస్తున్నానని నువ్వనుకున్నావు.”

“మీకేం తెలుసు బాక్సింగ్ గురించి?”

జోగారావు చట్నీ అడగలేదు. ఉత్త ఇడ్లీ తిన్నాడు.

మేడ్చల్ రోడ్డు మీది సుధాకర్ ఫంక్షన్ హాలులో పోయిన ఆదివారం సాయంత్రం ఆట ఆగిపోయినప్పటి నుంచి బహదూర్‌పల్లిలోని ఈ ఇంట్లో ఇదే ప్రశ్న తిరుగుతోంది. బాక్సర్ తరఫున రింగు మూలన నిలబడే మనిషి లోపలికి తువ్వాలు విసిరితే, ఇక మావాడు చాలు, ఓడిపోయాం అని ఒప్పుకున్నట్టే. రిఫరీ ఆట ఆపేస్తాడు. ఆపేశాడు కూడా. ఆ రోజు మూలన గురువుతో పాటు జోగారావూ నిలబడ్డాడు. ఆ తువ్వాలు తన ఓటమి కాదు, ఎవరో చేసిన పొరపాటు అని భానుతేజ పట్టు.

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. కుళాయి కట్టకుండా వచ్చేశాడు. వీధి తలుపు గడియ కోసం చెయ్యి చాపాడు. చెయ్యి గడియకి పక్కగా, గోడ మీద పడింది. రెండోసారికి గాని గడియ దొరకలేదు.

సీతామహాలక్ష్మి వెళ్ళి కుళాయి కట్టింది. కోపంగా ఉన్నవాళ్ళకి గడియలు కనబడవు, అని తనకు తానే చెప్పుకుంది.

బయట కారు హారన్ మోగింది.

*

సుధాకర్ చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. లోపలికి వస్తూ పూజగది వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. దేవరయాంజాల్‌లో భూములున్న కుటుంబం. ప్లాట్లు వేస్తాడు, ఎన్నికల్లో తిరుగుతాడు, కాని మనిషికి అసలు ప్రాణం తన హాలులో పెట్టించే బాక్సింగ్ పోటీలే. భుజం మీద తెల్ల కండువా లేకుండా ఎవరూ ఆయన్ని చూడలేదు. వెనకే భానుతేజ గురువు సిద్దిరాములు వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

“నమస్తే రావు సాబ్. అక్కా, చాయ్ గీయ్ ఏం వద్దు, పరేషాన్ గాకు. మంచి ముచ్చట తెచ్చిన.”

“చెప్పండి,” అన్నాడు జోగారావు.

“మా పోరడొకడు ఒప్పుకున్నడు. ఆ గుడ్డ వాని కండువనట. మన భాను ఒక్కటిచ్చిండు సూడు, గా ఖుషీల ఇసిరిండట. రిఫరీ తువ్వాల అనుకున్నడు. బాక్సింగ్ బోర్డాయనతోని మాట్లాడిన. మీ మూలకెల్లి పడలేదని మీరొక్క మాటంటే ఆ ఆట లెక్కలనే ఉండదు. వచ్చే ఐతారం మల్ల పెడత.”

“నేను చెప్పలేదా!” భానుతేజ కుర్చీ చేతి మీద గట్టిగా చరిచాడు.

“అది కండువా కాదండీ,” అన్నాడు జోగారావు మెల్లగా. “మా తువ్వాలే. నేనే వేశాను.”

సుధాకర్ ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. “సిద్దిరాములూ, నువ్వు మూలల్నే ఉంటివి గద. సూసినవా?”

“ఐసు సంచి కోసం కిందికి వంగిన. సూడలే.” సిద్దిరాములు గొంతు సవరించుకున్నాడు. “కని ఆపాల్సిన ఆటనే అది. పోరని కండ్లు ఎటో సూస్తున్నయి. నేనే ఇంకో నిమిషం సూద్దామనుకున్న.”

“నువ్వూ అట్లనే అంటవా ఉస్తాద్?” అన్నాడు భానుతేజ.

సిద్దిరాములు నేల చూపులు చూశాడు.

సుధాకర్ సోఫాలో ముందుకి జరిగాడు. “రావు సాబ్, మీకు అర్థమైతలేదు. తువ్వాల మీ మూలదే అయితే బోర్డు రూలుంది. తలకు దెబ్బ తగిలి ఆగినోడు నెలల తరబడి గ్లోవ్స్ తొడగొద్దు. స్కాన్ తియ్యాలె. నెలలు! అప్పటికి జనానికి మన భాను పేరు యాదికుంటదా? బోనోళ్లు ఊరుకుంటరా?”

బోనోళ్ళంటే ఎంఎంఏ వాళ్ళు. ఇనప జాలీలో నిలబడి చేతులతోనూ కాళ్ళతోనూ కొట్టుకునే ఆట. కుత్బుల్లాపూర్ కుర్రాళ్ళ ఫోన్లలో ఇప్పుడంతా అదే.

“నా హాలే కిరాయికి అడిగిన్రు. తెల్సా అక్కా? మా తాత కుస్తీలు పెట్టిచ్చిన జాగల బోను పెడతరంట. జనం ఎందుకు పోతున్రు అటు? ఆడ ఒక్కటే కంపెనీ, ఒక్కటే రూలు. మంచోనికి మంచోన్నే ఎదురు నిలవెడతరు. మన తాన? గల్లీకొక బోర్డు. ఈ బోర్డు బెల్టు ఆ బోర్డు ఒప్పుకోదు. చాంపియన్ ఎవడంటే నలుగురు చెయ్యి లేపుతరు.”

“గది ఒక్కటే గాదన్న,” అన్నాడు సిద్దిరాములు. “మనోడు గెలవాలని సచ్చుపోరన్ని తెచ్చి నిలవెడతిమి. ఎవడు గెలుస్తడో టికెట్ కొనేటోనికి ముందే ఎరుక. ఇగ ఎందుకొస్తడు? వాళ్లను తిట్టి ఏం లాభం?”

“ఇప్పుడు గట్టోన్నే తెచ్చిన గద!”

“తెచ్చినవు. గట్టోన్ని తెచ్చినప్పుడు గట్టి డాక్టర్ని గూడ తేవాలె గద.”

ఆ రోజు రింగు పక్కనున్న డాక్టరు భానుతేజ కళ్ళల్లోకి టార్చి వేసి, బానే ఉన్నాడని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన్ని పిలిపించింది సుధాకరే.

జోగారావు కళ్ళజోడు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాడు. “నేను మందుల కంపెనీలో పనిచేస్తానండీ. అక్కడ బిళ్ళ తయారుచేసేవాడు బిళ్ళ పాస్ చెయ్యడానికి వీల్లేదు. ఆ పని మా విభాగానిది. మేం ఆపితే మేనేజరొచ్చినా కదలదు. మీ ఆటలో చేసేవాడూ మీరే, పాస్ చేసేవాడూ మీరే.”

“అయ్యో, బిళ్ల పాడైతె ఇంకో బిళ్ల జేస్తరు సార్! ఆట ఆగితె హాలు ఖాళీ.”

“బిళ్ళ పాడైతే ఇంకోటి చేస్తాం.” జోగారావు కొడుకు వైపు చూశాడు. మిగతా సగం అనలేకపోయాడు.

సీతామహాలక్ష్మికి గడప దగ్గర నిలబడి వినడమే అలవాటు. కాని ఆ రోజు మాట లోపల ఆగలేదు.

“నాకు ఆట తెలీదు బాబూ. ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. గుళ్ళో స్వామికి కూడా విశ్రాంతి వేళ ఉంటుంది. ఆ వేళకి ఎంత గొప్పవాళ్ళు వచ్చినా పూజారిగారు తలుపు తియ్యరు. మీ ఆటలో తలుపు వేసే ఆయన ఎవరు?”

సుధాకర్ కండువా కొస వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

“మంచి మాట అడిగినవక్కా. కని తలుపేసెటాయనకు జీతమిచ్చేది నేనే గద. నేను తెరువుమంటే ఎట్ల ఏస్తడు?”

ఆయన అబద్ధం ఆడలేదు. అందుకే ఆమెకి ఇంకా భయం వేసింది.

“మరి ఆ బోర్డు వాళ్ళు ఒద్దంటే?” అన్నాడు జోగారావు.

“ఇంకో బోర్డుంది. కొత్తది. వాళ్లు ముందుగాల ఏం జరిగిందని అడగరు. కని బెల్టు వీళ్ల తాన ఉన్నది గన్క మీ మాట కోసం వచ్చిన.”

“మా నాన్న మాట ఎందుకన్నా?” భానుతేజ లేచి నిలబడ్డాడు. “మా నాన్న అబద్ధం చెప్తున్నారు. నేను ఆడటం ఆయనకి మొదట్నించీ ఇష్టం లేదు. దొరికింది సందని ఇదంతా. ఆయనకంత ధైర్యం లేదు. నాకు తెలుసు.”

“భానూ!” అంది సీతామహాలక్ష్మి.

“నువ్వు చెప్పమ్మా. నువ్వు వెనకే కూర్చున్నావు కదా. నాన్న విసిరారా?”

చట్నీ గిన్నె ఇంకా తన చేతిలోనే ఉందని ఆమెకి అప్పుడు తెలిసింది. “నాన్నగారు చెప్పారు కదరా,” అంది.

“నువ్వు చూశావా?”

“దాన్నెందుకు లాగుతావు?” జోగారావు గొంతు మొదటిసారి పెరిగింది. “నేను చెప్తున్నా కదా!”

సుధాకర్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. “గిట్ల తెగదు. మా ఊర్ల పంచాయితీ తెగకపోతే ఒక్కటే తొవ్వ. సీతారామస్వామి గుళ్లె తడిబట్టలతోని ప్రమాణం. రేపు శనివారం. రావు సాబ్, పొద్దుగాల రాండ్రి. రాముని ముందల ‘నా చేతులతోనే ఏసిన’ అనుండ్రి. అంటే నేను ఏ బోర్డు తాన పోను. ఐతారం ఆట బంద్. స్కాన్ నేనే తీపిస్త. అనకపోతే ఆట ఉంటది.”

“చెయ్యండి నాన్నా,” అన్నాడు భానుతేజ. “మీరు గుళ్ళో అబద్ధం ఆడరు. ఆ ఒక్కటీ నాకు తెలుసు. చేస్తే నమ్ముతా. గ్లోవ్స్ తీసి అటక మీద పెట్టేస్తా.”

జోగారావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. “అలాగే,” అన్నాడు.

*

కారు దగ్గరికి వెళ్ళబోతూ సిద్దిరాములు గేటు దగ్గర ఆగాడు. సీతామహాలక్ష్మి గేటు వెయ్యడానికి వచ్చింది.

“అమ్మా, ఒక మాట. మొదటి దెబ్బ అంత పాడుది గాదు. అది మానకముందే పడ్డ రెండోది ఉంటది సూడు, అది మనిషిని లేవనియ్యదు. నేను జూసిన ఒకన్ని. ఒక ఊర్ల పడ్డడు, ఏ బోర్డు రాసుకోలే. ఇంకో ఊరికి తీస్కపోయి నిలవెట్టిన్రు. మంచిగనే నడుసుకుంట పోయిండు రింగులకు.”

ఆమె గేటు ఊచ పట్టుకుంది. “తర్వాత?”

సిద్దిరాములు తర్వాతది చెప్పలేదు. “భాను తిండి తింటుండా? వాంతులు గిట్ల అయితున్నయా? ఏమన్న మర్సిపోతుండా?”

“లేదండీ. తింటున్నాడు. కోపంగా ఉన్నాడంతే. వాళ్ళ నాన్న మీద కోపం. అడిగిందే అడుగుతాడు, గుచ్చి గుచ్చి.”

“కోపమైతె మంచిదే,” అన్నాడు సిద్దిరాములు.

కారు మలుపు తిరిగాక కూడా ఆమె గేటు దగ్గరే నిలబడింది. కోపమైతే మంచిదే. కాకపోతే?

*

దీపాల వేళ జోగారావు పూజగదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆయన ఆ వేళ ఎప్పుడూ రాడు. సీతామహాలక్ష్మి వత్తి సరిచేస్తోంది.

“నువ్వు రేపు గుడికి రాకు,” అన్నాడు.

“ఎందుకని?”

“నీ మొహం ఏదీ దాచుకోలేదు.”

ఆమె ఎడమచేతి గాజులు వెనక్కి తోసుకుంది. వాటిల్లో ఒక దాని అంచు చిట్లి ఉంది. రింగు స్తంభానికి తగిలి చిట్లింది. శుభమా అని తీసి వేరేది వేసుకుందామంటే ఇన్నాళ్ళూ చెయ్యి రాలేదు.

ఆ సాయంత్రం ఆమె మూలకి సరిగ్గా వెనకే కూర్చుంది. భానుతేజ నవ్వుతున్నాడు. ఎదుటివాడిని చూసి కాదు, గోడని చూసి. చేతులు నడుము దాకా దిగిపోయాయి. చంటివాడప్పుడు నిద్ర ముంచుకొస్తే అలాగే నవ్వేవాడు. సిద్దిరాములు వంగి ఉన్నాడు. జోగారావు భుజం మీద తువ్వాలుంది. ఆయన పెదవులు కదులుతున్నాయి, చెయ్యి మాత్రం లేవడం లేదు. ఆమె లేచింది. ఆయన భుజం మీద నుంచి తువ్వాలు లాగింది. విసిరింది.

అప్పుడు జోగారావు వెనక్కి తిరిగి ఒక్కటే మాట అన్నాడు. “నువ్వు కాదు. నేను.”

ఆ మాటే ఇప్పుడు గుడి దాకా వచ్చింది.

“నిజం చెప్పేద్దామండీ,” అంది ఆమె.

“నువ్వు ఎవరివి అక్కడ? చూడటానికి వచ్చిన మనిషివి. చూసేవాళ్ళు వేసిన తువ్వాలు చెల్లదు. సుధాకర్ మనిషి కండువా ఎంతో నీ తువ్వాలూ అంతే. నిజం చెప్పిన మరుక్షణం ఆ ఆట రద్దు, వచ్చే ఆదివారం వీడు మళ్ళీ రింగులో. వాళ్ళ దగ్గర తల్లికి లెక్క లేదు సీతా.”

“అబద్ధపు ప్రమాణం ఊరికే పోతుందా? చేసినవాళ్ళకి తగలదు, పిల్లలకి తగులుతుంది అంటారు.”

జోగారావు దీపం వైపు తిరిగాడు.

“నేను నిజం చెప్తే వాడికి దెబ్బ. మీరు అబద్ధం చెప్తే వాడికి దెబ్బ. ఎటు నుంచి వచ్చినా వాడికే కదండీ తగిలేది? స్వామి ఇంకో దారి ఎందుకు ఉంచలేదు?”

దీపం చిటచిటలాడింది. ఆయన గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

“పెళ్ళిలో మీ నాన్నగారు నీ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టారు,” అన్నాడు చివరికి. “ఇక నుంచి నీదే బాబూ అన్నారు. అందరూ విన్నారు. నా చేతులు అంటే అందులో నీదీ ఉన్నట్టే కదా.”

“రాముడికి ఈ లెక్క చెప్తారా?”

“ఆయనా సంసారే కదా. అర్థం చేసుకుంటాడు.”

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు గొంతు దాకా వచ్చి ఏడుపయింది. ఆయన చెయ్యి చాపి ఆమె గాజు అంచు మీద వేలు పెట్టాడు, గుచ్చుకుంటుందేమో అన్నంత నెమ్మదిగా.

“నాకు అసలు భయం ప్రమాణం కాదు,” అన్నాడు. “వాడన్నది నిజం. నాకంత ధైర్యం లేదు. తువ్వాలు నా భుజం మీదే ఉంది సీతా. నేను విసరలేకపోయాను. రేపు గుళ్ళో కూడా నోరు రాకపోతే?”

తలుపు అవతల అడుగుల చప్పుడయింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

భానుతేజ తలుపు కొద్దిగా తోసి లోపలికి చూశాడు. “అమ్మా, లిఖిత కాలేజీ నుంచి వచ్చిందా?”

“ఇందాకే కదరా నీకు కాఫీ ఇచ్చింది?”

“ఆఁ, అవును,” అన్నాడు. తల ఊపి వెళ్ళిపోయాడు.

*

ఆమె రాకుండా ఉండలేకపోయింది. పొద్దున కారు ఎక్కేటప్పుడు జోగారావు ఆమె వైపు ఒకసారి చూశాడు. లిఖిత, భానుతేజ వెనక కూర్చున్నారు. భానుతేజ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

దేవరయాంజాల్ గుడి మండపంలో సుధాకర్, సిద్దిరాములు అప్పటికే ఉన్నారు. మెట్టు మీద కర్ర పట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. సుధాకర్ తల్లి ఇందిరమ్మ. ఆవిడ ఉందంటే సుధాకర్ గొంతు కూడా తగ్గుతుంది.

“తీర్థం ఇవ్వమంటే ఇస్తాను,” అంటున్నారు పూజారి. “ఈ ప్రమాణాలు నేను చేయించను బాబూ. అబద్ధమైతే నేను వెలిగించిన కర్పూరానికీ పాపమే.”

“మీరు ఎలిగియ్యుండ్రి పంతులూ. పాపం ఎవలదో ఆయన జూసుకుంటడు,” అంది ఇందిరమ్మ.

జోగారావు గుడి పక్క కుళాయి దగ్గర బక్కెట్టుతో నీళ్ళు గుమ్మరించుకున్నాడు. పంచె ఒంటికి అతుక్కుపోయింది. ఆ తడి బట్టల్లో ఆయన ఎంత సన్నగా ఉన్నాడో సీతామహాలక్ష్మికి కొత్తగా తెలిసింది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. చలికో, భయానికో.

“గాయన ఒక్కడేంది?” అంది ఇందిరమ్మ కర్రతో చూపిస్తూ. “ఇంటామె అక్కడ పొడిబట్టలతోని నిలవడ్డదేంది? మా తాన ఆలుమగలు ఇద్దరు జేస్తెనే ప్రమాణం.”

“వద్దమ్మా, సార్ ఒక్కడు చాలు,” అన్నాడు సుధాకర్.

“నువ్వూకోరా. నీ బాక్సింగుల రూల్లు నీకే తెల్వయి, ఈడ రూల్లు నాకు తెల్సు. రా బిడ్డా. ఆయన చెయ్యి మీద నీ చెయ్యి వెట్టు.”

జోగారావు భార్యని చూశాడు. ఆ చూపులో ఇంటికి వెళ్ళిపో అని ఉంది. వెళ్ళిపోవద్దు అని కూడా ఉంది.

సీతామహాలక్ష్మి కుళాయి దగ్గరికి నడిచింది. నీళ్ళు నెత్తిన పడగానే ఊపిరి ఆగినంత పనయింది. లిఖిత “అమ్మా” అంటూ రాబోతే వద్దని చెయ్యి ఊపింది. తడిచీరతో వచ్చి భర్త పక్కన నిలబడింది. ఆయన కుడిచెయ్యి చాపాడు. దాని మీద తన చెయ్యి పెట్టింది.

గాజులు మణికట్టు మీదకి జారాయి. చిట్లిన గాజు అన్నిటికంటే ముందు నిలిచింది. ఇందిరమ్మ దాన్ని చూసింది. తర్వాత సీతామహాలక్ష్మి మొహం చూసింది. కర్ర రెండో చేతిలోకి మార్చుకుంది.

పూజారి కర్పూరం వెలిగించి పళ్ళెం వాళ్ళ ముందు పెట్టి పక్కకి జరిగారు.

లోపల స్వామి పక్కన అమ్మవారు. ఆవిడ వైపు చూడటానికి సీతామహాలక్ష్మికి ధైర్యం చాలలేదు. నీ పేరు పెట్టుకున్న దాన్ని తల్లీ, అనుకుంది. నా చెయ్యి ఎవరిదో నువ్వే చెప్పు.

“అనుండ్రి రావు సాబ్,” అన్నాడు సుధాకర్.

“శ్రీ సీతారామస్వామి సాక్షిగా,” అన్నాడు జోగారావు. “ఆ రోజు రింగులో పడిన తువ్వాలు…”

ఆగాడు.

“నా చేతులతోనే,” అందించాడు సుధాకర్.

జోగారావు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆ రోజు లేవని చెయ్యిలాగే ఈ రోజు మాట. ఆయన వేళ్ళు పైకి తిరిగి ఆమె వేళ్ళని పట్టుకున్నాయి. ఆమె గట్టిగా నొక్కింది. అనండి, అన్నట్టు నొక్కిందో, వద్దు అన్నట్టు నొక్కిందో ఆమెకే తెలియలేదు.

“నా చే—”

“అమ్మా.”

భానుతేజ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. తడిసిన తల్లిదండ్రుల్ని, కర్పూరాన్ని, అందర్నీ ఒక్కొక్కరిగా చూస్తున్నాడు. మొహంలో ఏ కల్మషమూ లేదు. ఎవరింటికో పేరంటానికి వచ్చి దారి తప్పిన పిల్లవాడిలా ఉన్నాడు.

“మీరిద్దరూ ఎందుకు తడిసిపోయారు? మనం ఇక్కడికెందుకొచ్చాం?”

లిఖిత అతని మోచెయ్యి పట్టుకుంది. “అన్నయ్యా, ఆటలొద్దు. నువ్వే కదా రమ్మన్నావు.”

“నేనా?”

సిద్దిరాములు ఒక్క అంగలో దగ్గరికి వెళ్ళి అతని గడ్డం పైకెత్తి కళ్ళల్లోకి చూశాడు. “భానూ, ఇటు జూడు. నా వేలు జూడు. వేలెంబడి జూడు బిడ్డా.”

భానుతేజ వేలు చూడలేదు. గురువు భుజం మీదుగా సుధాకర్‌ని చూసి మర్యాదగా నవ్వాడు.

“సుధాకరన్నా, మీరూ వచ్చారా? ఆటెప్పుడు?”

సుధాకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. మెట్టు మీద ఇందిరమ్మ కర్ర రాతికి తగిలి చప్పుడయింది. ఆవిడ లేచి నిలబడింది. “రామయ్యా,” అంది గుడి లోపలి స్వామిని చూస్తూ.

ప్రమాణం సగంలో ఉంది. జోగారావు చెయ్యి ఇంకా చాచే ఉంది. సీతామహాలక్ష్మి తన చెయ్యి తీసుకోబోయింది, కొడుకు దగ్గరికి వెళ్ళాలని. ఆయన వేళ్ళు వదలడం లేదు. వదలాలన్న సంగతే ఆయనకి గుర్తులేదు.

భానుతేజ ఆ రెండు చేతుల్నీ చూశాడు. ఏదో జ్ఞాపకం వచ్చినట్టు కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

“అమ్మా, ఆ తువ్వాలు ఎవరు వేశారు?”

నిన్న ఇడ్లీ తుంచుతూ అడిగిన గొంతే. మొన్న అన్నం ముందు అడిగిన గొంతే. అదే మాట, అదే విరుపు.

ఆమె ఇన్నాళ్ళూ వినని సంగతి అప్పుడు విన్నది. ఆ గొంతులో కోపం లేదు. ఏ రోజూ లేదు. అడిగిన ప్రతిసారీ వాడు మొదటిసారే అడిగాడు.